ఖాళీ కాగితం వద్దు, చుక్కలు పెట్టండి

శంషాబాద్ విమానాశ్రయంలో రాత్రి షిఫ్టులు చేసే ఒక పాఠకురాలు పత్రికకు ఒక ప్రశ్న పంపారు. మనసు బాగుండాలంటే రోజుకో బొమ్మ గీయమని పోరుపెట్టే యాప్ ఒకటి ఆమె ఫోన్‌లో ఉంది. ‘ఈరోజు మీ ఆందోళనకు ఒక రూపం ఇవ్వండి’ అంటుంది. తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంటే ఆందోళనకు రూపం రాకపోగా, ఉన్నది రెట్టింపవుతోందట. అదే ధనుర్మాసంలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, సాన్పు చల్లిన వాకిట్లో చుక్కల ముగ్గు వేస్తే మాత్రం తల దిమ్ము వదులుతుందట. ‘రెండూ గీతలే కదా, ఈ తేడా ఏమిటి?’ అని అడిగారు.

ఇంత మంచి ప్రశ్నను పక్కన పెట్టడం ఎవరి తరమూ కాదు. ముందు పైపై సంగతులు గబగబా చెప్పేసుకుంటే అసలు విషయానికి చోటు మిగులుతుంది.

రోగులకు కుంచె చేతికివ్వడం కొత్తేమీ కాదు. బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయతో శానటోరియంలో మంచాన పడినప్పుడు బొమ్మలు వేసుకుంటూ తేరుకున్నాడు. తోటి రోగులకూ నేర్పి, 1942లో ఆ పద్ధతికి ‘ఆర్ట్ థెరపీ’ అని పేరు పెట్టాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000కు పైగా అధ్యయనాలను గుదిగుచ్చి ఒక నివేదిక వేసింది. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు బొమ్మలు గీయించి, మట్టి పిసికించి, కాగితాలు అతికింపజేసింది. ముందూ వెనకా లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను ఎంతుందో చూసింది. దాదాపు ముప్పావు వంతు మందిలో అది తగ్గింది. బొమ్మలు వేయడంలో అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా కనపడలేదు. యాప్‌లవాళ్లకు ఈ ఫలితం పండగే. కానీ అదే 45 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి పోల్చి చూసిన రెండో గుంపు ఆ పరిశోధనలో లేదు. కార్టిసాల్ నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు బాగా పెరిగి, తర్వాత పొద్దు గడిచేకొద్దీ దానంతటదే దిగుతుంది. తగ్గిందన్నంత మాత్రాన కుంచె తగ్గించిందని చెప్పలేం.

పాఠకురాలి ప్రశ్నకు దగ్గరగా వచ్చిన పరిశోధన వేరే ఉంది, దాని పేరు పెద్దగా వినపడదు. 2005లో అమెరికాలోని నాక్స్ కాలేజీకి చెందిన నాన్సీ కర్రీ, టిమ్ కాసర్‌లు 84 మంది విద్యార్థులను తీసుకున్నారు. తమను బాగా భయపెట్టిన సంఘటన ఒకటి ముందు రాయించారు. ఆందోళన పెరిగాక వాళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు మండలం, అంటే గుండ్రటి వలయాల బొమ్మ ఇచ్చి రంగులు నింపమన్నారు. రెండో గుంపుకు లుంగీ మీద గళ్లలాంటి డిజైను ఇచ్చారు. మూడో గుంపుకు ఖాళీ కాగితం ఇచ్చి ‘మీ ఇష్టం’ అన్నారు. మండలం వాళ్లకూ గళ్లవాళ్లకూ ఆందోళన దాదాపు ఒకేలా తగ్గింది. ‘మీ ఇష్టం’ వాళ్లు వెనకబడ్డారు. 2012లో మరో ఇద్దరు పరిశోధకులు అదే పరీక్ష మళ్లీ పెడితే మండలం ఒక్కటే ముందు నిలిచింది, గళ్లు గెలవలేదు. గళ్ల సంగతి ఎలా ఉన్నా ఖాళీ కాగితం రెండుసార్లూ ఓడింది.

ఎందుకోడింది? అక్కడికి వెళ్లేముందు, ఈ విషయంలో తప్పుదారి పట్టిన పెద్దల గురించి నాలుగు మాటలు. బాధను లోపల అణచుకుంటే ఆవిరిలా పొంగుతుందనీ, దాన్ని బయటికి కక్కేస్తే హాయి అనీ ఒక నమ్మకం. బ్రోయర్, ఫ్రాయిడ్‌ల కాలం నుంచి అది వైద్యం వేషం కట్టింది. ‘మీ ఆందోళనకు రూపం ఇవ్వండి’ అనే యాప్ దాని మునిమనవరాలే. అమెరికన్ మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ఆ నమ్మకాన్ని గుద్దుల సంచి మీదే పరీక్షించాడు. కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్ల కోపం తగ్గకపోగా పెరిగింది. ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్లే నయం. బోస్టన్ కాలేజీలో ఎలెన్ విన్నర్ బృందం ఇదే సంగతిని బొమ్మల్లో చూసింది. 2008లో విషాద దృశ్యాలు చూపించి, కొందరిని ఆ విషాదాన్నే గీయమని, కొందరిని సంతోషకరమైనది ఏదైనా గీయమని చెప్పారు. మనసు తేలికపడింది రెండో జట్టుకే. 2012లో జెన్నిఫర్ డ్రేక్‌తో కలిసి విన్నర్ చేసిన పరీక్షలోనూ బాధను వెళ్లగక్కే బొమ్మకన్నా దృష్టి మళ్లించే బొమ్మే మేలు చేసింది.

రాత దగ్గర కథ కాస్త మారుతుంది, అదీ చెప్పాలి. 1986లో జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ గాయాల గురించి రాయించారు. రాసిన రోజు వాళ్ల మనసు ఇంకా పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గింది. మాటలు సంఘటనకు మొదలూ చివరా అంటూ ఒక కథ కడతాయి కాబట్టి అలా జరిగిందని పెన్‌బేకర్ తర్వాత వాదించాడు. గీతకు ఆ గుణం తక్కువ. బొమ్మ గీయమని ప్రాంప్ట్ ఇస్తూ డైరీ రాత ఫలితాలను చూపించే యాప్‌లు ఈ తేడాను నిశ్శబ్దంగా దాటేస్తాయి.

ఇక అసలు మెకానిజం. దీనికి మూలం 1968లో లీ బ్రూక్స్ అనే కెనడా మనస్తత్వవేత్త చేసిన ఒక చిన్న పరీక్ష. పెద్ద ఇంగ్లీషు ‘ఎఫ్’ అక్షరాన్ని మనసులో ఊహించుకుని, దాని అంచు వెంట ఒక్కో మూలా తిరుగుతూ, ఆ మూల పైనో కిందో ఉందా, మధ్యలో ఉందా చెప్పాలి. ‘అవును, కాదు’ అని నోటితో చెప్పినవాళ్లు చకచకా ముగించారు. అవే జవాబులను కాగితం మీద అక్షరాలు వెతికి వేలితో చూపించమంటే రెండింతలకు పైగా సమయం పట్టింది. కారణం ఏమిటి? ఊహలోని అక్షరాన్ని పట్టి ఉంచేదీ, వేలిని నడిపేదీ మెదడులోని ఒకే పలక. ఆ పలక ఇరుకు. 1974లో అలన్ బాడ్లీ, గ్రాహమ్ హిచ్ ఈ ఆలోచనను సిద్ధాంతంగా మలిచారు. మనం ఈ క్షణాన మనసులో పట్టి ఉంచేవాటిలో మాటలకు ఒక అర, ఆకారాలకూ చోట్లకూ ఇంకో అర. ఏ అర నిండితే అందులోకి మరొకటి దూరలేదు.

దీన్ని బాధ దాకా లాక్కెళ్లినవాళ్లలో ఎమిలీ హోమ్స్ ముందుంటారు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె బృందం 40 మందికి ప్రమాదాలు, గాయాలు ఉన్న భయంకరమైన ఫిల్మ్ చూపించింది. అరగంట ఆగి, సగం మందిని టెట్రిస్ ఆడమంది. పైనుంచి పడే ముక్కలను తిప్పి సర్దే ఆ పాత వీడియో గేమే, పది నిమిషాలు మాత్రమే. తర్వాతి వారం రోజుల్లో ఆ భయంకర దృశ్యాలు వాళ్లకు తక్కువసార్లు కళ్లముందు మెదిలాయి. ఇక్కడ ‘ఏదో ఒక వ్యాపకం ఇస్తే ఎవరికైనా తగ్గుతుంది, ఇందులో సైన్సేముంది?’ అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. వాళ్లకు జవాబు 2010లో వచ్చింది. ఈసారి కొందరికి టెట్రిస్ బదులు మాటలతో కూడిన క్విజ్ ఇచ్చారు. క్విజ్ వాళ్లకు ఆ దృశ్యాలు తగ్గలేదు, పైగా పెరిగాయి. ఏ వ్యాపకమైతేనేం అన్న మాట అక్కడితో చెల్లిపోయింది. కళ్లముందు మెదిలే దృశ్యంతో పోటీ పడాలంటే చోట్లతో, ఆకారాలతో చేసే పనే కావాలి. తర్వాత ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 71 మంది రోడ్డు ప్రమాద బాధితులతోనూ ఇలాంటి ప్రయోగం చేశారు. ఆటాడిన గుంపుకు మొదటి వారంలో ఆ జ్ఞాపకాలు తక్కువసార్లు వచ్చాయి.

ఇప్పుడు వాకిట్లోకి వద్దాం. మన వారపత్రికల ముగ్గుల పేజీలో బొమ్మ కింద ఉండే వాక్యం గుర్తుందా: ‘9 చుక్కలు, సందు చుక్క 5 వరకు.’ ఇంతకన్నా పొదుపైన ప్రాంప్ట్ ప్రపంచంలో మరెక్కడైనా ఉంటుందా అనిపిస్తుంది. మధ్య వరసలో తొమ్మిది. పైకీ కిందికీ ఒక్కో చుక్క తగ్గిస్తూ, రెండు చుక్కల సందులో ఒకటి పెడుతూ ఐదు దాకా. మొత్తం 61 చుక్కలు. ఆరు మూలల ఆకారం తనంతట తనే వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత పెద్దది వేయాలి, ఏం వేయాలి అన్న మూడు ప్రశ్నలూ ఆ ఒక్క వాక్యంతో పోయాయి. ఖాళీ కాగితం ఆ మూడింటినీ ఆందోళనలో ఉన్న మనిషి నెత్తినే పెడుతుంది.

చుక్కలు పెట్టేటప్పుడు పెదవుల మీద ‘తొమ్మిది, ఎనిమిది, ఏడు’ అని లెక్క నడుస్తుంది. అది మాటల అరను ఆక్రమిస్తుంది. దిగులు చాలామటుకు లోలోపలి మాటలుగానే నడుస్తుందని థామస్ బోర్కోవెక్ వంటి పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. లెక్క తప్పకూడదంటే ఆ గొణుగుడు ఆగాలి. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారుతుండగా, ఏ చుక్కను చుట్టాలి, ఏ చుక్కను వదలాలి అని కన్ను ముందుకు పరిగెడుతుంది. అది ఆకారాల అర. టెట్రిస్ ఒక్క అరనే నింపింది, చుక్కల ముగ్గు రెండింటినీ నింపుతుంది. ప్రయోగశాలలో ముగ్గును టెట్రిస్ పక్కన కూర్చోబెట్టి తేల్చిన మాట కాదిది, పై ఫలితాలను పక్కపక్కన పెడితే వచ్చే అంచనా. అయినా పాఠకురాలి అనుభవాన్ని ఇంతకన్నా బాగా వివరించేది కనపడదు.

మెలికల ముగ్గు దగ్గర గణితం కూడా తలెత్తుతుంది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ శిరోమణి, రాణీ శిరోమణి, వాళ్లతో పాటు కమలా కృతివాసన్ 1974లోనే తమిళుల ముగ్గులను కంప్యూటర్ వ్యాకరణంగా రాసిపెట్టారు. ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే జనం ఇసుకలో చుక్కల చుట్టూ గీసే గీతల మీద పాలస్ గెర్డెస్ పుస్తకాలే రాశాడు. ఆ గీతల్లో ఒక ముచ్చటైన నియమం ఉంది. సరి చుక్కలతో, అంటే సందుల్లో కాకుండా ఒకదాని కింద ఒకటి నేరుగా పెట్టిన చుక్కలతో, దీర్ఘచతురస్రం పెట్టి, గీతను ఐమూలగా నడిపిస్తూ, అంచు దగ్గర వెనక్కి తిప్పుతూ పోతే, అన్ని చుక్కలనూ చుట్టడానికి ఎన్ని విడి గీతలు కావాలన్నది రెండు వైపుల చుక్కల సంఖ్యల గసాభా చెబుతుంది. బడిలో విసిగించిన ఆ గసాభాయే. 3, 4 పెడితే ఒకే గీతలో ముగ్గు పూర్తి. 4, 6 పెడితే రెండు గీతలు. 4, 4 పెడితే నాలుగు.

ముగ్గు చేసే మేలుకు ఒక చిక్కు ఉంది. ఇరవై ఏళ్లుగా రోజూ అదే ముగ్గు వేసే చేతికి లెక్క అక్కర్లేదు. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది, రెండు అరలూ ఖాళీ అవుతాయి, అప్పుల సంగతీ అత్తగారి సంగతీ తీరిగ్గా వచ్చి కూర్చుంటాయి. ధనుర్మాసంలో రోజుకో కొత్త ముగ్గు వేయాలన్న పంతం, ముగ్గుల పుస్తకాలు, పక్కింటి వాకిలి మీద ఓరచూపు, సంక్రాంతి పోటీలు అందుకే పనికొస్తాయి. చికాగోలో చిత్రకళా విద్యార్థులను గమనిస్తూ తన పరిశోధన మొదలుపెట్టిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1975లో చెప్పిందీ ఇదే. పని మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే బెంగ, మనిషి లీనమయ్యేది ఆ రెండింటి మధ్యలో. మధ్య వరసలో 9 చుక్కల ముగ్గు వచ్చేశాక 15 చుక్కలకు వెళ్లాలి.

అంత ముగ్గుకు వాకిలి ఉండాలి కదా. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ల రూపం మారింది. అపార్టుమెంట్లలో వాకిలంటే గ్రానైట్ గుమ్మం ముందు మూడడుగుల చోటు. అక్కడ స్టిక్కర్ ముగ్గు అతికిస్తున్నారు. చూడడానికి బాగానే ఉంటుంది. చుక్క పెట్టింది ప్రింటింగ్ మెషీన్, లెక్క వేసిందీ అదే, మేలేదైనా ఉంటే దక్కేదీ దానికే. ఆఫీసుల్లో ‘వెల్‌నెస్ డే’ పేరుతో తెల్లకాగితాలు, క్రేయాన్లు పంచి ‘మీ భావాలను స్వేచ్ఛగా వ్యక్తపరచండి’ అనే వర్క్‌షాపుల మీద ఇంకా పెద్ద ఫిర్యాదే ఉంది. కర్రీ, కాసర్‌ల మూడో గుంపును డబ్బిచ్చి మరీ తయారుచేసుకోవడం అది.

నిద్ర పట్టకపోవడం, దిగులు వారాల తరబడి వదలకపోవడం ఉంటే ముగ్గుతో సరిపెట్టుకోకూడదు. ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పాఠకురాలికి జవాబు: యాప్ తీసేయక్కర్లేదు, ప్రాంప్ట్ మార్చుకుంటే చాలు. ‘ఆందోళనకు రూపం’ బదులు కాగితం మీద 5 వరసలు, వరసకు 7 సరి చుక్కలు. మెలికలో ఎక్కడా చెయ్యెత్తకుండా మొదలుపెట్టిన చోటికి తిరిగి రావాలి. రాకపోతే ఎక్కడో ఒక చుక్క తప్పింది. అది కుదిరాక 6, 9 పెట్టి, ఎన్ని గీతలు పడతాయో గీయకముందే చెప్పాలి.