ఆగిపోయే ముందు కారు చెబుతుంది... వినేవారేరీ?

దోర్నాల:

వేసవి సెలవుల్లో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద వెళ్లేవారికి ఈ దృశ్యం కొత్త కాదు. మలుపు దగ్గర ఒక కారు బానెట్ పైకెత్తి నిలబడి ఉంటుంది. దాని ముందు నుంచి ఆవిరి లేస్తుంటుంది. ఇంకొంచెం దూరం పోతే మరో కారు, చక్రాల దగ్గర కాలిన వాసన. ఆడవాళ్లు పిల్లలను ఒళ్లో పెట్టుకుని చెట్టు నీడన కూర్చుంటారు. మగవాళ్లు సెల్‌ఫోన్ పైకెత్తి సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతుంటారు.

దోర్నాల నుంచి శ్రీశైలానికి సుమారు 50 కిలోమీటర్లు. అందులో చాలా భాగం నల్లమల అడవే. మధ్యలో మెకానిక్కు షెడ్డు దొరకదు. చాలాచోట్ల ఫోన్ పలకదు. రాత్రివేళ చెక్‌పోస్టు దగ్గర వాహనాలను ఆపివేస్తారు గనుక పొద్దుగూకే వేళ బండి మొరాయించిందంటే వెనుక నుంచి సాయం వచ్చే దారి కూడా మూసుకుపోతుంది.

ఇలా ఆగిన కార్లలో చాలావాటికి ఆ రోపు ఆ గంటలో పుట్టిన జబ్బు కాదని మెకానిక్కులు అంటుంటారు. వారం పది రోజుల ముందు నుంచే బండి ఏదో ఒక గుర్తు చూపిస్తూ ఉంటుంది. దాన్ని పట్టించుకునే తీరిక మాత్రం మనకు ఉండదు.

అప్పటి బండ్లు, ఇప్పటి బండ్లు

ఒకప్పుడు ఊరికి ఒకటో రెండో అంబాసిడర్లు ఉండేవి. పెళ్లికైనా, పురుటికైనా వాటినే పిలిచేవారు. చలికాలం ఉదయం హ్యాండిల్ తిప్పి స్టార్టు చేయడం, కార్బురేటర్ విప్పి ఊదడం, రోజూ రేడియేటర్‌లో చెంబుతో నీళ్లు పోయడం ఆ డ్రైవర్లకు అలవాటు. అంబాసిడర్ 1958 నుంచి 2014 వరకు తయారైంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కారు మధ్యతరగతి వాకిట్లోకి చేరింది. ఇప్పుడు మన పల్లెల్లో కూడా పాత కారైనా ఒకటి కొనుక్కున్న ఇళ్లు కనిపిస్తున్నాయి. నడిపేది ఇంటివాళ్లే.

కొత్తరకం బండ్లు రోజూ మొరాయించవు. అందుకే బానెట్ ఎత్తి చూసే అలవాటు పోయింది. పాత డ్రైవరు బండి చప్పుడు మారితే పసిగట్టేవాడు. ఇప్పుడు పాటల హోరులో ఆ చప్పుడు వినపడదు.

ఎర్ర దీపం, పసుపు దీపం

బండి తన బాధ చెప్పుకునే మొదటి చోటు స్టీరింగు వెనక ఉన్న మీటరు బోర్డు. పండగకు ఊరొచ్చిన బావ కారెక్కిన కుర్రవాడు "బావా, ఆ ఎర్రలైటు ఏంది?" అని అడుగుతాడు. "అది నెల్నించీ వెలుగుతానే ఉందిలేరా, ఏంగాదు" అని జవాబు వస్తుంది. చాలా కార్లలో జరిగే సంభాషణ ఇదే.

గుర్తుపెట్టుకోవలసింది తేలిక. పసుపు దీపం వెలిగితే త్వరలో మెకానిక్కుకు చూపించమని. ఎర్ర దీపం వెలిగితే బండి పక్కకు తీసి ఆపమని. నూనె చెంబు బొమ్మ ఎర్రగా వెలిగితే ఇంజనుకు ఆయిల్ ఒత్తిడి అందడం లేదన్నమాట. అలాగే ఇంకో నాలుగు కిలోమీటర్లు లాగిస్తే లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకుని పట్టేస్తాయి. లీటరు ఆయిల్‌తో పోయేది ఇంజను విప్పే దాకా వస్తుంది. హ్యాండ్ బ్రేకు దించాక కూడా బ్రేకు దీపం ఎర్రగా ఉంటే బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు. ఆ బండితో ఘాట్ ఎక్కరాదు.

బోరు నీళ్లతో తంటా

రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే దగ్గర్లోని బోరు నీళ్లు పట్టి పోయడం మన వైపు మామూలు. మన బోర్ల నీరు ఎలాంటిదో ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగు చూస్తే తెలుస్తుంది. తెల్లటి పెచ్చు కడుతుంది. అదే పెచ్చు రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ కడుతుంది. క్రమంగా నీళ్లు తిరిగే దారి ఇరుకవుతుంది. ఊళ్లో తిరిగినంత కాలం తేడా తెలియదు. ఏసీ వేసుకుని, అయిదుగురు కూర్చుని, ఎండలో ఘాట్ ఎక్కేసరికి వేడి ముల్లు పైకి లేస్తుంది.

రేడియేటర్‌లో పోయాల్సింది కూలెంట్. విడిగా కొన్నదైతే కంపెనీ చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. సాధారణంగా సగానికి సగం. అది తుప్పును ఆపుతుంది, నీటి కంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. అయితే కూలెంట్ విషం. రుచికి తియ్యగా ఉంటుంది గనుక పిల్లలకు, కుక్కలకు అందకుండా దాచాలి.

దారిలో ఇంజను హీటెక్కితే ముందు ఏసీ ఆపాలి. నీడ చూసి బండి నిలిపి ఇంజను కట్టేయాలి. ఆ వెంటనే రేడియేటర్ మూత తిప్పడం అతి పెద్ద పొరపాటు. లోపల ఒత్తిడితో ఉన్న మరిగే నీళ్లు ఒక్కసారిగా ముఖం మీదికి చిమ్ముతాయి. ఇలా ముఖం, చేతులు కాల్చుకున్నవారు డ్రైవర్లలో ఎందరో ఉన్నారు. కనీసం అరగంట ఆగి, బాగా చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. వేడి ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించరాదు. ఇనుము పగులుతుంది.

దిగేటప్పుడే అసలు గండం

ఘాట్ ఎక్కడమే కష్టమని కొత్తవాళ్లు అనుకుంటారు. పాత డ్రైవర్లకు భయం దిగేటప్పుడు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కామో దిగేటప్పుడూ అదే గేరులో దిగాలన్నది వారి సూత్రం. తక్కువ గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. బ్రేకు మీద భారం తగ్గుతుంది.

పెట్రోలు కలిసొస్తుందని కొందరు న్యూట్రల్‌లో వదిలేస్తారు. మరికొందరు ఏకంగా ఇంజను ఆపేస్తారు. ఇంజను ఆగితే బ్రేకుకు అందే సాయం కూడా ఆగిపోతుంది. రెండు మూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు బరువెక్కుతుంది. తాళం చెవి వెనక్కి తిప్పి తీస్తే స్టీరింగు లాక్ కూడా పడవచ్చు. ముందు మలుపు, పక్కన లోయ.

బ్రేకు మీద కాలు తీయకుండా దిగేవారిది ఇంకో తప్పు. ప్యాడ్లు ఎర్రగా కాగి పట్టు వదులుతాయి. కాలిన వాసన వచ్చిందంటే అది ఆఖరి హెచ్చరిక. విశాలమైన చోట బండి పక్కకు తీసి చక్రాలు చల్లారనివ్వాలి. చక్రాల మీద నీళ్లు పోయవద్దు.

బ్రేకు ఆయిల్ సంగతి చాలామందికి తెలియదు. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. చెమ్మ పట్టాక 140 డిగ్రీలకే మరిగే స్థితికి రావచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుట్టి, తొక్కిన పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది, బండి మాత్రం ఆగదు. అందుకే రెండేళ్లకోసారి మార్పించమంటారు. అలాంటి స్థితి వస్తే బ్రేకును గబగబా పదేపదే తొక్కుతూ, ఒక్కొక్క గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండవైపుకు బండిని తేవాలి.

టైరు మీద నాలుగు అంకెలు

పాత కారు కొనేవాళ్లు రంగు చూస్తారు, సీట్లు చూస్తారు. టైరు పక్క గోడ మీద ఉన్న నాలుగు అంకెలు చూడరు. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. తక్కువ తిరిగిన టైరు గట్లు బాగానే కనబడవచ్చు గాని ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు ఎండి బీటలు వారుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే టైరు మార్చాల్సిందే. గాడుల్లో అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటి ఎత్తుకు వచ్చిందంటే దాని పని అయిపోయినట్లే.

ఎండాకాలం గాలి తక్కువ ఉంటే టైరు పేలదని కొందరి నమ్మకం. జరిగేది దీనికి తిరగబడి ఉంటుంది. గాలి తక్కువైతే టైరు పక్కలు పదేపదే నలిగి బాగా వేడెక్కుతాయి. వేగంగా పోతున్నప్పుడు పేలేవాటిలో ఇలాంటివి ఎన్నో. ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు పక్క అతికించిన కాగితంలో రాసి ఉంటుంది. బండి ఎక్కువ దూరం తిరగకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. స్టెప్నీకి కూడా అప్పుడే గాలి చూడాలి. అవసరం పడ్డ రోజునే స్టెప్నీలో గాలి లేదని తెలుసుకునేవారు తక్కువేం కాదు.

టక్కుమని ఆగే సెల్ఫ్

వారం పది రోజులు కదలకుండా కొట్టం కింద ఉన్న కారు పొద్దున్నే తాళం తిప్పితే "టక్" మని ఊరుకుంటుంది. దానికి ముందే నాలుగు రోజులు సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరిగి ఉంటుంది. బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది కట్టి ఉంటే కరెంటు సరిగా పారదు. తీగలు విప్పి వేడినీళ్లతో కడిగి, బాగా తుడిచి బిగించి, పైన కొంచెం వాజలీను రాస్తే చాలు.

వేరే బండి బ్యాటరీతో స్టార్టు చేయాలంటే ఎర్ర తీగ రెండు బ్యాటరీల ప్లస్ కొసలకు తగిలించాలి. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఆగిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా తగిలించాలి. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. దాని దగ్గర నిప్పురవ్వ రేగితే ప్రమాదం. గేరు బండినైతే రెండో గేరులో వేసి తోయవచ్చు. ఆటోమేటిక్ బండికి ఈ తోపుడు పనికిరాదు.

పల్లెల్లో ఇంకో శత్రువు ఎలుక. గడ్డివాము పక్కన, ధాన్యం కొట్టు పక్కన నిలిపిన కారులో దూరి తీగలు కొరుకుతుంది. కొందరు పొగాకు ఆకులు కట్టి బానెట్ కింద పెడుతున్నారు. వాసన తగ్గాక అవి పనిచేయవు. బండిని తిప్పుతూ ఉండడం, రాత్రి బానెట్ కింద ఒకసారి తట్టి చూడడం అంతకంటే మేలు.

రోడ్డు మీద వదిలిన రాళ్లు

కారు ఆగిపోతే నష్టం మనది. ఆగిన కారు వల్ల దారిన పోయేవాడికి జరిగే నష్టం మాటేమిటి? పంక్చరైతే బండి జారకుండా చక్రాలకు రాళ్లు పెడతాం. వెనుక వచ్చేవారికి తెలియాలని రోడ్డు మీద ఇంకో నాలుగు రాళ్లు, ఒక కొమ్మ వేస్తాం. స్టెప్నీ బిగించగానే ఇంటికి పోయే తొందరలో వాటిని అక్కడే వదిలేస్తాం. చీకటి పడ్డాక పాలక్యానుతోనో, పొలం నుంచో మోటారు సైకిల్ మీద వచ్చేవాడికి ఆ రాయి కనబడదు. పడితే తల పగులుతుంది. ఆ రాయి పెట్టినవాడు అప్పటికి ఇంట్లో అన్నం తింటుంటాడు.

ఇప్పుడు కొత్త కారుతోపాటే ఎర్రగా మెరిసే త్రికోణం ఇస్తున్నారు. చాలా కార్లలో అది సంచి విప్పకుండా డిక్కీలోనే ఉంటుంది. దాన్ని బండికి కనీసం 50 మీటర్ల వెనుక నిలపాలి. మలుపులో ఆగితే మలుపుకు అవతలే పెట్టాలి. నాలుగు వైపులా లైట్లు మిణుకుమనేలా వేయాలి. మనుషులు బండి వెనుక నిలబడరాదు. రోడ్డు దిగి దూరంగా ఉండాలి. జాతీయ రహదారి మీద ఆగితే 1033కు, ఎవరికైనా దెబ్బలు తగిలితే 108కి ఫోన్ చేయవచ్చు.

దూర ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం పది నిమిషాలు కేటాయిస్తే చాలు. ఇంజను చల్లగా ఉండగా ఆయిల్, కూలెంట్, బ్రేకు ఆయిల్ మట్టం చూడాలి. అయిదు టైర్ల గాలి చూడాలి. లైట్లు వేసి వెనుకకు వెళ్లి చూడాలి. జాకీ, పానా, త్రికోణం, టార్చిలైటు, తాగే నీళ్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి. బాగు చేసుకుని బయలుదేరేటప్పుడు మాత్రం ఒక్కసారి వెనుదిరిగి చూడండి. మనం పెట్టిన రాళ్లు మనమే తీసి పక్కన పడేసి కారెక్కాలి.