రెండు కొసలనూ లాగే మర

తెల్లాపూర్ దాటి రామచంద్రాపురం వైపు పోతుంటే టార్పాలిన్ కప్పిన పెద్ద యంత్రాన్ని మోసుకుంటూ మెల్లగా కదిలే ట్రైలర్లు మీ కంటబడే ఉంటాయి. 1960లలో చెకోస్లొవేకియా సాయంతో మొదలైన అక్కడి మన బీహెచ్ఈఎల్ కర్మాగారంలో టర్బైన్లు తయారవుతాయి కదా! అంత బరువున్నది ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. కానీ డ్రైవరు బ్రేకు తొక్కితే ఆగేది బండి. పైనున్న బరువు మాత్రం అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది.

అమెరికాలో పికప్ బండి వెనక తొట్టిలో ఒక బుల్లి ఇల్లు దింపుకుని ఊళ్లు తిరుగుతారు. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. దాన్ని ట్రక్ క్యాంపర్ అంటారు. దానిదీ ఇదే చిక్కు. అది 1000 కిలోలు ఉందనుకోండి. గట్టి బ్రేకుకు దాదాపు 800 కిలోల బరువంత బలం దాన్ని ముందుకు తోస్తుందని లెక్క వేసుకోవాలి. కింద మంచి రబ్బరు పట్టా పరిస్తే రాపిడే 600 దాకా ఆపుతుంది. నున్నటి ఇనుము మీదైతే 200 ఆపడం కూడా కష్టమే. మిగిలిందంతా కట్టు మీద పడుతుంది.

ఆ కట్టును బిగించేదే టర్న్‌బకిల్. మన రైతులు గడ్డి బండికి మోకు కట్టి, అందులో కర్ర దూర్చి మెలితిప్పుతారు చూడండి, పని అదే. నడుమ ఇనుప చట్రం, దానికి రెండు వైపులా మర చువ్వలు. ఒక చువ్వకు కుడి మర, రెండోదానికి ఎడమ మర. అందుకే చట్రాన్ని ఒకవైపు తిప్పితే రెండు చువ్వలూ ఒకేసారి లోపలికి వస్తాయి. ఎంత ముచ్చటైన ఉపాయమో! రెండూ కుడి మరలే అయితే ఒకటి లోపలికి, ఇంకొకటి బయటికి పోయి పొడవు ఎక్కడిదక్కడే ఉండేది.

మర అంటే అనంతగిరి ఘాట్ రోడ్డు లాంటిదే. నిట్టనిలువుగా ఎక్కలేని గుట్టను చుట్టుదారిలో ఎక్కిస్తుంది. చెయ్యి చాలా దూరం తిరుగుతుంది, చువ్వ కొన్ని మిల్లీమీటర్లే జరుగుతుంది, ఆ తేడా అంతా బలంగా మారుతుంది. మరలోని రాపిడి అందులో చాలా భాగం తినేస్తుంది. కానీ ఆ రాపిడే బిగించినదాన్ని వెనక్కి తిరగనివ్వదు. అది లేకపోతే చెయ్యి తీయగానే వదులైపోయేది.

గతుకుల రోడ్డు మీద అదరగా అదరగా ఆ పట్టు సడలుతుంది. అందుకే పక్కన లాక్ నట్టు బిగిస్తారు. అలాగని బలముంది కదా అని ఎక్కువ బిగిస్తే కొక్కెం తగిలించిన రేకే చిరిగిపోతుంది. అందుకే కొన్నింటికి స్ప్రింగు పెడతారు, కుదుపు వచ్చినప్పుడు కాస్త సాగి మళ్లీ సర్దుకోవడానికి. ఎంత బాగా కట్టినా, బయల్దేరిన కాసేపటికి బండి ఆపి మళ్లీ చూసుకోవాల్సిందే.

ఇదే మర రైళ్లలోనూ ఉంది. పాత నీలం పెట్టెల మధ్య ఉండే స్క్రూ కప్లింగుకు ఒక పక్క కుడి మర, ఇంకో పక్క ఎడమ మర. ఆ రకం పెట్టెల తయారీ 2018లో ఆపేశారు, ఉన్నవి కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. లింగంపల్లిలో అలాంటి బండి ఆగితే రెండు పెట్టెల సందులోకి ఒకసారి చూడండి. ప్లాట్‌ఫాం మీద నిలబడి చూడండి, కిందికి మాత్రం దిగొద్దు.