అమెరికాలో ఎంఎస్‌ ప్లాన్ చేస్తున్నారా? జీఆర్‌ఈ కంటే ముందు చూసుకోవాల్సినవి ఇవే.. ఫాల్ 2027 టైమ్‌లైన్ ఇలా..

బీటెక్ మూడో ఏడాది అయిపోతుందనగానే చాలా ఇళ్లలో ఒకటే చర్చ. ఎంఎస్‌కి వెళ్లాలా, ఉద్యోగం చూసుకోవాలా? వెళ్లాలి అని తేలిన మర్నాడే జీఆర్‌ఈ కోచింగ్‌లో చేరిపోతారు. పరీక్ష అయ్యాక మిగతావి చూసుకోవచ్చులే అనుకుంటారు. లెక్క తప్పేది సరిగ్గా అక్కడే.

జీఆర్‌ఈ స్కోర్ పరీక్ష రాసిన ఎనిమిది నుంచి పది రోజుల్లో వచ్చేస్తుంది. అంత తేలిగ్గా రానివి వేరే ఉన్నాయి. పాస్‌పోర్టులో పేరు సవరణ, యూనివర్సిటీ ఇవ్వాల్సిన ట్రాన్‌స్క్రిప్టులు, ప్రొఫెసర్ పంపాల్సిన సిఫార్సు లేఖ, బ్యాంకు లాయర్ ఇవ్వాల్సిన లీగల్ ఒపీనియన్, చివరగా వీసా స్లాట్. ఇవన్నీ వేరేవాళ్ల చేతుల్లో ఉన్న పనులు. విద్యార్థి ఎంత కష్టపడినా వీటి వేగం పెద్దగా పెరగదు. అందుకే టైమ్‌లైన్ వేసుకునేటప్పుడు ముందు రాసుకోవాల్సింది వీటినే.

లెక్క వెనక నుంచి వేయాలి

అమెరికాలో ప్రధాన ఇన్‌టేక్ ఫాల్. క్లాసులు ఎక్కువ చోట్ల ఆగస్టు రెండో సగంలో మొదలవుతాయి, కొన్ని యూనివర్సిటీల్లో సెప్టెంబర్‌లో. జనవరిలో మొదలయ్యేది స్ప్రింగ్. స్ప్రింగ్‌లో అన్ని కోర్సులూ ఉండవు కాబట్టి మన విద్యార్థుల్లో ఎక్కువ మంది చూసేది ఫాల్ వైపే.

2027 ఆగస్టు 20న క్లాసులు మొదలవుతాయని అనుకుందాం. ఎఫ్-1 వీసాతో కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగుపెట్టనివ్వరు. అంటే ప్రయాణం జులై 21 తర్వాతే. టికెట్లు, సామాన్లు, ఫారెక్స్ పనులకు కొన్ని రోజులు తీసేస్తే వీసా జులై మొదటి వారానికైనా చేతిలో ఉండాలి. ఇంటర్వ్యూ జూన్‌లో అయితే నయం, మేలో అయితే ఇంకా నయం. ఇంటర్వ్యూకి వెళ్లాలంటే డీఎస్-160 నింపాలి, 350 డాలర్ల సెవిస్ ఫీజు కట్టాలి. ఆ ఫీజు కట్టాలంటే చేతిలో ఐ-20 ఉండాలి. ఐ-20 రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించాలి. అది బ్యాంకు బ్యాలెన్స్ లెటరైనా కావచ్చు, లోన్ శాంక్షన్ లెటరైనా కావచ్చు. లోన్ అడగాలంటే ముందు అడ్మిట్ రావాలి. డిసెంబర్, జనవరిల్లో అప్లై చేసినవారికి అడ్మిట్లు సాధారణంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య వస్తాయి.

ఇలా వెనక్కి నడుచుకుంటూ వస్తే దరఖాస్తు డిసెంబర్ 2026లోనే పడాలని తేలుతుంది. పేరున్న చాలా యూనివర్సిటీల గడువు కూడా డిసెంబర్ 1, డిసెంబర్ 15, జనవరి మధ్య.. ఇలాగే ఉంటుంది. దరఖాస్తు ఫారాలు ఆగస్టు, సెప్టెంబర్ నుంచే తెరుచుకుంటాయి. మార్చి, ఏప్రిల్ వరకు తీసుకునే యూనివర్సిటీలూ ఉన్నాయి. కానీ అప్పుడు వేస్తే అడ్మిట్ వచ్చేసరికి మే దాటుతుంది. ఆ తర్వాత లోన్‌కూ, వీసాకూ మిగిలేది రెండు నెలలే.

పాస్‌పోర్టులో ఇంటిపేరు ఉందా?

మన పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఒకే వరుసలో ఉంటుంది. పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరుకు ఒక కాలమ్, పేరుకు ఇంకో కాలమ్. చిన్నప్పుడు తీయించిన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు కాలమ్ ఖాళీగా ఉండిపోతుంది. అలాంటివారికి అమెరికా వీసాలో పూర్తి పేరంతా ఇంటిపేరు స్థానంలో పడి, పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అన్నమాట. అక్కడికి వెళ్లాక బ్యాంకు అకౌంట్ దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా ప్రతిచోటా దీనికి వివరణ ఇచ్చుకుంటూ తిరగాలి.

పైగా మన దేశంలో జీఆర్‌ఈ, టోఫెల్, ఐఈఎల్‌టీఎస్‌కు గుర్తింపు కార్డుగా పాస్‌పోర్టే చూపించాలి. పరీక్షకు రిజిస్టర్ చేసిన పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పాత పేరుతో పరీక్ష రాసి, తర్వాత పాస్‌పోర్టు మార్చుకుంటే స్కోర్ ఒక పేరు మీద, దరఖాస్తు ఇంకో పేరు మీద అవుతుంది. సవరణ ఉంటే రీ-ఇష్యూకి అప్లై చేయాలి, పోలీస్ వెరిఫికేషన్ పడొచ్చు. ఈ పనంతా పరీక్ష బుక్ చేయకముందే, అంటే మూడో ఏడాది వేసవిలోనే అయిపోవాలి.

మెమోలు ఎవరిస్తారు?

జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ అయితే మార్కుల మెమోలు, డిగ్రీ అన్నీ యూనివర్సిటీవే. అటానమస్ కాలేజీ అయితే మెమోలు కాలేజీ పరీక్షల విభాగం ఇస్తుంది, డిగ్రీ మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. ట్రాన్‌స్క్రిప్టులకు ఎవరి దగ్గరికి వెళ్లాలో ముందే కనుక్కోకపోతే కౌంటర్ల చుట్టూ తిరగడంలోనే వారాలు గడిచిపోతాయి. కొన్ని యూనివర్సిటీలు డబ్ల్యూఈఎస్ మూల్యాంకనం అడుగుతాయి. దానికి ట్రాన్‌స్క్రిప్టులను విద్యార్థి పంపితే చెల్లదు, సంస్థే నేరుగా పంపాలి. ఈ నిబంధన ఉందో లేదో యూనివర్సిటీ పేజీలో సెప్టెంబర్‌లోనే చూసుకోవాలి. డిసెంబర్‌లో చూస్తే ఇక చేసేదేం ఉండదు.

ఫైనల్ ఇయర్ విద్యార్థులు అప్పటివరకు వచ్చిన సెమిస్టర్ల మార్కులతో అప్లై చేయొచ్చు. అసలు సమస్య సప్లీలతో. డిసెంబర్ నాటికి రెండు సబ్జెక్టులు మిగిలి ఉన్నా అడ్మిట్ రావొచ్చు. కానీ క్లాసులు మొదలయ్యేలోగా డిగ్రీ పూర్తయినట్టు చూపించాల్సిందే. ఫలితాలు, ఆ తర్వాత ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మెమో.. ఇవన్నీ 4-2 పరీక్షలకూ విమానానికీ మధ్య ఉన్న కొద్ది వారాల్లో రావాలి. ఆ సమయంలో ఒక్క సప్లీ మిగిలినా అడ్మిట్, వీసా రెండూ చేతిలో ఉండి కూడా ఆగిపోవాల్సి వస్తుంది. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు జీఆర్‌ఈలో ఐదు మార్కులు పెంచుకోవడం కంటే 4-1లోపు సప్లీ క్లియర్ చేసుకోవడం మీద దృష్టి పెట్టడం మంచిది.

మూడేళ్ల బీఎస్సీ, బీకాం చేసినవారు ఇంకో విషయం చూసుకోవాలి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు 16 ఏళ్ల చదువు అడుగుతాయి, ఇంటర్‌తో కలిపి వీరికి 15 ఏళ్లే అవుతుంది. మూడేళ్ల డిగ్రీని ఒప్పుకునేవి ఉన్నాయి కానీ జాబితా చిన్నది. అది తయారు చేసుకున్నాకే పరీక్షల ఖర్చు పెట్టుకోవాలి.

"సార్, లెటర్ పంపారా?"

ఎక్కువ యూనివర్సిటీలు మూడు సిఫార్సు లేఖలు అడుగుతాయి. దరఖాస్తులో ప్రొఫెసర్ ఈమెయిల్ ఇస్తే ఆయనకు లింక్ వెళ్తుంది, లేఖ ఆయనే అప్‌లోడ్ చేయాలి. కాలేజీ డొమైన్‌తో ఉన్న మెయిలే కావాలని చాలాచోట్ల అడుగుతారు. మన ప్రొఫెసర్లలో ఆ మెయిల్ రోజూ తెరిచేవాళ్లు ఎంతమంది? లింక్ స్పామ్‌లో పడి ఉంటుంది, విద్యార్థి మొహమాటంతో రెండోసారి అడగడు, గడువు దాటిపోతుంది.

అక్టోబర్, నవంబర్‌లలో కాలేజీల్లో మిడ్ పరీక్షలు, ఆ వెంటనే సెమిస్టర్ పరీక్షలు. ఆ మధ్యలో నాక్ బృందం వస్తోందంటే ఇక ఎవరూ దొరకరు. కాబట్టి ఆగస్టులోనే ముగ్గురిని అడిగి ఒప్పించుకోవాలి. రెజ్యూమే, ప్రాజెక్టు వివరాలు, ఏ యూనివర్సిటీకి ఏ తేదీ గడువో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. నువ్వే రాసి తెచ్చుకో, సంతకం పెడతా అనే సార్లు ఉంటారు. ఒకే విద్యార్థి రాసిన మూడు లేఖలు ఒకేలా ఉంటాయి, చదివేవాళ్లకు ఆ సంగతి తెలిసిపోతుంది. ప్రాజెక్టు గైడ్ తన మాటల్లో రాసిన అర పేజీ లేఖకే విలువ ఎక్కువ.

జీఆర్‌ఈ గురించి ఇంతే

2023 సెప్టెంబర్ నుంచి ఈ పరీక్ష 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. ఒకసారి రాశాక 21 రోజులు ఆగితే మళ్లీ రాయొచ్చు, 12 నెలల్లో ఐదుసార్ల వరకు. స్కోర్ ఐదేళ్లు చెల్లుతుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్‌కు మాత్రం రెండేళ్లే. మొదటిసారి ఆగస్టులో రాస్తే రెండోసారికి సెప్టెంబర్, అక్టోబర్ మిగులుతాయి. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకు స్కోర్ ఉచితంగా పంపుకోవచ్చు, ఆ తర్వాత పంపేవాటికి డబ్బు కట్టాలి. కాబట్టి పరీక్షకు వెళ్లేముందే కనీసం నాలుగు పేర్లు ఖరారు చేసుకుంటే డబ్బు మిగులుతుంది. జీఆర్‌ఈ అసలు అడగని కోర్సులు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి, ఆ సంగతీ ముందే చూడాలి.

డబ్బు సంగతి అడ్మిట్ వచ్చాక కాదు

ఆలస్యం ఎక్కువగా జరిగేది లోన్ దగ్గరే. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో రూ.7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి సాధారణంగా ఆస్తి తనఖా అడుగుతారు. ఇల్లు లేదా స్థలం పెడితే లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అప్రూవల్ చూస్తారు. బ్యాంకు ప్యానెల్ లాయర్ ఒపీనియన్, ఇంజినీర్ వాల్యుయేషన్ ఉంటాయి. వ్యవసాయ భూమిని విద్యా రుణానికి తనఖాగా చాలా బ్యాంకులు తీసుకోవు. నాలుగెకరాలు ఉంది కదా అని ధీమాగా ఉన్న కుటుంబాలకు ఈ విషయం బ్యాంకుకి వెళ్లాకే తెలుస్తుంటుంది. అనుమతి లేని లేఅవుట్‌లో కొన్న ప్లాటు పరిస్థితీ అంతే. తాతల నాటి ఇల్లు అన్నదమ్ములు పంచుకోకుండా ఉంటే అందరి సంతకాలూ కావాలి. ఆ సంతకాలు వారంలో అవుతాయా, ఏడాదిలో అవుతాయా అన్నది ఆ ఇంటివాళ్లకే తెలియాలి.

అందుకే అడ్మిట్ కోసం ఎదురుచూస్తున్న డిసెంబర్-ఫిబ్రవరి మధ్యే ఆస్తి కాగితాలు బ్యాంకులో చూపించుకోవాలి. ఏది సరిపోదో అప్పుడే తెలిస్తే సరిచేసుకునే సమయం ఉంటుంది. తనఖా లేకుండా త్వరగా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు ఉన్నాయి, కానీ వడ్డీ ఎక్కువ. జూన్‌లో హడావిడిగా సంతకం పెట్టేవాళ్లు ఎక్కువగా వెళ్లేది అక్కడికే.

తెలంగాణలో అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి కింద రూ.20 లక్షల వరకు సాయం అందించే పథకాలు ఉన్నాయి. ఆదాయ ధ్రువపత్రం, డిగ్రీ మార్కుల నిబంధనలు ఉంటాయి. అయితే ఈ డబ్బు అక్కడ చేరాక విడతలుగా వచ్చేది. విమానం టికెట్టుకు, మొదటి సెమిస్టర్ ఫీజుకు దీన్ని నమ్ముకుని లెక్క వేసుకోకూడదు.

వీసా: 2025 వేసవిలో ఏం జరిగింది?

2025 మే చివరి వారంలో అమెరికా విదేశాంగ శాఖ విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ అపాయింట్‌మెంట్లు ఇవ్వడం ఆపేసింది. సుమారు మూడు వారాల తర్వాత, జూన్‌లో, సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలన్న షరతుతో మళ్లీ మొదలుపెట్టింది. ఫాల్ విద్యార్థులకు అత్యంత కీలకమైన రోజులవి. అప్పటికే స్లాట్ బుక్ చేసుకున్నవారి ఇంటర్వ్యూలు మాత్రం రద్దు చేయలేదు. ఏప్రిల్‌లో ఐ-20 తెచ్చుకుని స్లాట్ పట్టుకున్నవారికీ, జూన్‌లో చూద్దాంలే అనుకున్నవారికీ తేడా ఆ ఏడాది అలా తేలింది.

ఎఫ్-1 వీసా కోర్సు మొదలయ్యే తేదీకి 365 రోజుల ముందు నుంచే ఇవ్వొచ్చు. తొందరపడితే తిరస్కరిస్తారనే భయం అక్కర్లేదు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాట్ లేకపోతే చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా చూసుకోవచ్చు. వేరే దేశానికి వెళ్లి స్టాంపింగ్ చేయించుకునే దారిని 2025 సెప్టెంబర్ ఆదేశాలు దాదాపు మూసేశాయి. సొంత దేశంలో లేదా నివాసం ఉన్న దేశంలోనే ఇంటర్వ్యూకి హాజరవ్వాలని అందులో ఉంది.

సెక్షన్ 214(బి) కింద తిరస్కరిస్తే అప్పీల్ ఉండదు. మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ స్లాట్ వెతుక్కోవాలి. మేలో తిరస్కరణ వస్తే రెండో ప్రయత్నానికి సమయం ఉంటుంది, జులై చివర్లో అయితే ఉండదు.

జర్మనీ, యూకే వెళ్లేవారికి క్యాలెండర్ వేరు

జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబర్‌లో మొదలవుతుంది. గడువు చాలాచోట్ల జులై 15, కొన్ని కోర్సులకు ఇంకా ముందే. అక్కడ ముందుగా తెచ్చుకోవాల్సింది ఏపీఎస్ సర్టిఫికెట్. 2022 నవంబర్ నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు ఇది తప్పనిసరి. యూకేకు సెప్టెంబర్ ఇన్‌టేక్. వీసాకు చూపే డబ్బు ఖాతాలో వరుసగా 28 రోజులు ఉండాలి. 27వ రోజున ఏదో అవసరం వచ్చి బ్యాలెన్స్ నిర్ణీత మొత్తం కంటే తగ్గితే మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకోవాల్సిందే. టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి.

గడువు దాటిపోతే?

డిసెంబర్ గడువులు తప్పిపోయాయని ఏప్రిల్‌లో కన్సల్టెన్సీకి వెళ్తే, ఇంకా సీట్లున్న యూనివర్సిటీల జాబితా చేతిలో పెడతారు. అందులో మంచివి ఉండొచ్చు. కానీ విద్యార్థి దగ్గర ఫీజు తీసుకోని చాలా కన్సల్టెన్సీలకు ఆదాయం యూనివర్సిటీ ఇచ్చే కమీషన్ నుంచే వస్తుందని గుర్తుపెట్టుకుని ఆ జాబితా చదవాలి.

అడ్మిట్ ఉండి వీసా ఆలస్యమైతే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి స్ప్రింగ్‌కు లేదా వచ్చే ఫాల్‌కు వాయిదా అడగొచ్చు. ఒప్పుకోవడం కోర్సును బట్టి ఉంటుంది, స్కాలర్‌షిప్ అలాగే ఉంటుందన్న హామీ లేదు. ఫండింగ్‌తో ఆఫర్ వచ్చినవారికి ఇంకో తేదీ ముఖ్యం. అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ల మండలి తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయంతో ఇచ్చే ఆఫర్లకు ఏప్రిల్ 15 లోపు జవాబు ఇవ్వాలని ఒత్తిడి చేయకూడదు. ఫిబ్రవరిలోనే ఖరారు చేయమని మెయిల్ వస్తే, ఆ జాబితాలో ఆ యూనివర్సిటీ పేరు ఉందేమో చూసుకుని, ఏప్రిల్ 15 వరకు సమయం కావాలని మర్యాదగా రాయొచ్చు.