వడదెబ్బ తగిలితే ఒంట్లో ఏం జరుగుతుంది?

మే నెలలో వరంగల్ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బయట ఎంత మండినా మన ఒంటి లోపలి వేడి మాత్రం 37 డిగ్రీల దగ్గరే ఉండాలి. ఆ లెక్క చూసేది మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం.

రక్తం వేడెక్కగానే అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, చెమట గ్రంథులతో పని చేయిస్తుంది. కుండలో నీళ్లు ఎలా చల్లబడతాయో మీకు తెలుసు. పైన ఊరిన తడి ఆరిపోతూ వేడిని తీసుకుపోతుంది. చెమట చేసేదీ అదే. అందుకే ఉక్కపోత రోజు చెమట ఎంత కారినా, ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు.

చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. మూత్రపిండాలు నీటిని దాచుకుంటాయి కనుక మూత్రం తక్కువగా, ముదురు పసుపుగా వస్తుంది. ఈ దశలోనే నీడకు చేరి ఓ.ఆర్.ఎస్. గానీ ఉప్పు వేసిన మజ్జిగ గానీ తాగితే చాలామంది తేరుకుంటారు.

వేడి 40 డిగ్రీలు దాటి మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వందలాది మంది దీనితో చనిపోయారు. చెమట పడుతోంది కదా, ఇది వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పొలం పని, హమాలీ పని చేసేవారికి చెమట పడుతుండగానే రావచ్చు.

చాలా ఇళ్లలో ముందు జ్వరం మాత్ర వేస్తారు. జ్వరంలో వేడి పెంచేది మెదడే, మాత్ర దాన్ని ఆపుతుంది. వడదెబ్బలో చల్లార్చే ఏర్పాటే దెబ్బతింది, మాత్రకు అక్కడ పని లేదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడుపుతూ విసురుతూ ఉండండి.