పూసకు చిక్కిన పెచ్చు

పాత గోడ దెబ్బతింటే ఆ సంగతి ముందు నేల చెబుతుంది. సున్నం పెచ్చులూడి అడుగున రాలి ఉంటాయి. గుండెకు రక్తం తీసుకెళ్లే కరోనరీ ధమనులకూ లోపల అలాంటి పూత ఉంది. ఒకే ఒక్క కణం మందాన పరుచుకున్న ఆ పొర పేరు ఎండోథీలియం. రక్తం గడ్డకట్టకుండా, నాళం బిగుసుకుపోకుండా చూసేది అదే. అది దెబ్బతిన్నచోట దాని కణాలు ఊడి రక్తంలో కొట్టుకుపోతాయి. వాటిని పట్టుకుంటే గోడ సంగతి తెలుస్తుంది.

పట్టుకోవడమే కష్టం. ఒక మిల్లీలీటరు రక్తంలో దాదాపు 500 కోట్ల ఎర్రకణాలుంటాయి, 40 లక్షల నుంచి కోటి దాకా తెల్లకణాలుంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఊడిన ఎండోథీలియం కణాలు మాత్రం ఏవో కొన్ని. 1970లలో ప్రేగ్‌లో హ్లాదొవెత్స్ అనే పరిశోధకుడు మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెట్టే పద్ధతి ఒకటి తయారుచేశాడు. కానీ ఆకారాన్ని మాత్రమే చూసి ఇది ఫలానా కణమని తేల్చడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా అనుమానమే.

ఆ అనుమానం తీర్చింది ఒక పూస. దాని పుట్టిల్లు నార్వేలోని ట్రోండ్‌హైమ్.

పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌తో సూక్ష్మమైన పూసలు చేయడం అప్పటికే తెలుసు. అన్నీ ఒకే సైజులో, కాస్త పెద్దవిగా చేయడమే ఎవరికీ చేతకాలేదు. పెరుగుతున్నకొద్దీ అవి పైకి తేలడమో, అడుక్కి దిగడమో, ఒకదానికొకటి అంటుకుపోవడమో జరిగేది. భూమ్యాకర్షణ ఉన్నచోట ఇది కుదరదనుకున్న అమెరికా శాస్త్రవేత్తలు 1982లో కొలంబియా షటిల్‌లో ఆ ప్రయోగాన్ని అంతరిక్షానికే పంపారు. ట్రోండ్‌హైమ్‌లో జాన్ ఉగెల్‌స్టాడ్ అనే రసాయన శాస్త్రవేత్త 1976లోనే ఆ పని నేల మీద చేసి చూపించాడు. ఆయన ఉపాయం వింటే మన వంటిల్లు గుర్తొస్తుంది. ముందు చిన్న చిన్న విత్తు కణాలు తయారుచేసి, వాటిలోకి ఒక నూనెలాంటి పదార్థాన్ని ఎక్కించాడు. దాంతో ఆ విత్తులు తమకన్నా ఎన్నో రెట్లు ముడిద్రవాన్ని పీల్చుకుని, నానబెట్టిన శనగల్లా ఒక్కతీరుగా ఉబ్బాయి. తర్వాత ఆ ద్రవాన్ని గట్టిపరిస్తే అన్నీ ఒకే కొలత.

ఆ పూసలో సన్నని రంధ్రాలు చేసి, లోపల ఇనుప ఆక్సైడ్ నింపారు. దగ్గరికి అయస్కాంతం తెస్తే పూస లాగినట్టు వస్తుంది, తీసేస్తే మళ్లీ మామూలు ప్లాస్టిక్‌లా విడిపోతుంది. ఈ గుణమే లేకపోతే పూసలన్నీ ఒకదానికొకటి పట్టుకుని ముద్దకట్టేవి. ఇక పైన యాంటీబాడీ పూస్తే, అది గుర్తుపట్టిన కణానికే పూస అంటుకుంటుంది. 1980లలో ముందు దీన్ని వాడింది క్యాన్సర్ ఉన్న పిల్లల ఎముక మజ్జ నుంచి చెడ్డ కణాలు తీసేయడానికి.

గుండె దగ్గరికి దాన్ని తెచ్చింది ఫ్రాన్స్‌లోని మార్సే నగరం. అక్కడ ఫ్రాన్స్వాజ్ జార్జ్, జోసే సాంపోల్ బృందం ఎండోథీలియం కణాన్ని గుర్తించే ఎస్-ఎండో-1 అనే యాంటీబాడీని సిద్ధం చేసుకుంది. దాన్ని పూసలకు పూసి రక్తంలో కలిపి, గొట్టం పక్కన అయస్కాంతం పెట్టింది. పూసలు అంటుకున్న కణాలు గొట్టం గోడకు చేరాయి, మిగతా రక్తాన్ని కడిగేశారు. 1992లో వాళ్లు ఈ పద్ధతితో, ఇరుకైన ధమనిని బెలూన్‌తో వెడల్పు చేసే యాంజియోప్లాస్టీ చేయించుకున్న రోగుల రక్తం పరీక్షించారు. బెలూన్ ఉబ్బించినప్పుడు ధమని లోపొర ఒరుసుకుపోక తప్పదు. కాబట్టి పూస నిజం చెబుతోందా లేదా తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష దొరకదు. చికిత్స తర్వాత కణాలు కనిపించాయి.

అసలు విషయం 1999లో తేలింది. గుండెపోటు వచ్చినవాళ్లలో, విశ్రాంతిలోనూ నొప్పి వచ్చే అస్థిర యాంజైనా ఉన్నవాళ్లలో ఈ కణాలు పెరిగాయి. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గే స్థిర యాంజైనా వాళ్లలో పెరగలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఈ రెండో మాటే. వాళ్ల ధమనులూ ఇరుకైనవే, అయినా గోడ నిలకడగా ఉంది. అంటే ఇరుకు ఎంతన్నదే కాదు, పూత ఊడుతోందా లేదా అన్నది వేరే ప్రశ్న. యాంజియోగ్రామ్ ఇరుకును చూపిస్తుంది, రక్తంలో కొలిచే ట్రోపోనిన్ గుండె కండరం దెబ్బతిన్నాక పెరుగుతుంది. గోడ మాట చెప్పేది ఈ పెచ్చులే.

2012లో అమెరికాలోని స్క్రిప్స్ సంస్థ పరిశోధకులు ఇనుప రేణువులతో యంత్రమే కణాలను ఏరే పద్ధతిలో 50 మంది గుండెపోటు రోగులను, 44 మంది ఆరోగ్యవంతులను పోల్చారు. మిల్లీలీటరుకు మధ్యస్థంగా రోగుల్లో 19 కణాలు, ఆరోగ్యవంతుల్లో 4. రోగుల కణాలు పెద్దవి, వంకరటింకరవి, కొన్నిటిలో ఒకటికి మించి కేంద్రకాలు.

చిక్కులూ ఉన్నాయి. రక్తం తీసే సూదే సిర గోడను గీరి కణాలు రాలుస్తుంది. అందుకే మొదట వచ్చిన రక్తాన్ని ఈ లెక్కకు వాడరు. ఎస్-ఎండో-1 యాంటీబాడీ పట్టే గుర్తు కొన్ని తెల్లకణాల మీదా ఉంటుంది. ఒక ల్యాబ్ లెక్క మరో ల్యాబ్ లెక్కతో సరిపోవడం అంత తేలిక కాదు. అందువల్ల ఇది ఇప్పటికీ పరిశోధనశాల పరీక్షే, ఆస్పత్రిలో గుండెపోటును తేల్చే పరీక్ష కాదు. ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట కనిపిస్తే గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆస్పత్రికి చేరండి.