నర్సమ్మ డాక్టరేట్ చదివితే

ఈ వ్యాసం రాస్తున్న మా ముగ్గురిలో ఇద్దరి అమ్మలు నర్సులు. ఒకరు సైనిక ఆసుపత్రిలో, మరొకరు రైల్వే ఆసుపత్రిలో పనిచేస్తారు. కిందటి వేసవిలో మాలో ఒకరి పెద్దమ్మ అమెరికా నుంచి వచ్చారు. టెక్సాస్‌లో ఆవిడ నర్స్ ప్రాక్టీషనర్. భోజనాల దగ్గర "డాక్టరేట్‌లో చేరాను" అన్నారు. "అయితే ఇక మందులు రాస్తావన్నమాట!" అని అమ్మమ్మ సంబరపడింది. "మందులు ఇప్పటికే రాస్తున్నానమ్మా" అని పెద్దమ్మ నవ్వారు. మరి డాక్టరేట్ దేనికి? ఆవిడను అడిగి, కొంత చదివి తెలుసుకున్నది మీకు చెబుతున్నాం.

1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఒక కొత్త శిక్షణ మొదలుపెట్టారు. డాక్టర్లు చాలని చోట్ల పిల్లలకు వైద్యం అందించాలన్నది వారి ఆలోచన. నర్స్ ప్రాక్టీషనర్ అనే ఉద్యోగం అలా పుట్టింది. రోగిని పరీక్షించడం, రక్తపరీక్షలు రాయడం, జబ్బు ఏమిటో తేల్చడం, మందులివ్వడం వీరి పని. దీనికి అక్కడ చాలామందికి మాస్టర్స్ డిగ్రీ సరిపోతుంది.

డాక్టరేట్ అంటే లావుపాటి పరిశోధన గ్రంథమే అనుకునేవాళ్లం. అది పీహెచ్‌డీ. పెద్దమ్మ చదివేది డీఎన్‌పీ, అంటే డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్. పీహెచ్‌డీ ఎవరికీ తెలియని విషయాన్ని కనిపెట్టాలని చూస్తుంది. డీఎన్‌పీ అడిగేది వేరే: అందరికీ తెలిసిన మంచి పని మన ఆసుపత్రిలో ఎందుకు జరగడం లేదు?

పెద్దమ్మ చెప్పిన ఉదాహరణే చూడండి. షుగర్ ఉన్నవారి పాదాలను కనీసం ఏడాదికొకసారి పరీక్షించాలి. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినా తెలియదు, ముదిరితే కాలే తీసేయాల్సి రావచ్చు. ఇది ప్రతి నర్సుకూ తెలుసు. కానీ రద్దీలో రోగి చేత బూట్లు, మేజోళ్లు విప్పించే తీరిక ఎవరికి? అందుకని ముందు పాత రికార్డులు తీసి, ఎందరికి పరీక్ష జరిగిందో లెక్కపెడతారు. తర్వాత ఒక చిన్న మార్పు చేస్తారు. బీపీ చూసే సహాయకురాలే మేజోళ్లు విప్పమని చెబుతుంది, డాక్టరు వచ్చేసరికి పాదాలు సిద్ధంగా ఉంటాయి. కొన్ని వారాలకు మళ్లీ లెక్క. పెరగకపోతే పద్ధతి మార్చి మళ్లీ ప్రయత్నం. ఆవిడ డాక్టరేట్ ప్రాజెక్టు ఇదే! మాకైతే లావు పుస్తకం కంటే ఇదే కష్టమనిపించింది, పదిమంది అలవాటు మార్చాలి కదా.

డిగ్రీ తర్వాత మొత్తం కనీసం 1000 గంటలు ఆసుపత్రి శిక్షణ ఉండాలి. మాస్టర్స్‌లో చేసినవీ లెక్కలోకి వస్తాయి. పాఠాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. ఆదివారం ఫోన్ చేస్తే "అసైన్‌మెంట్ ఉంది, తర్వాత మాట్లాడతా" అంటారు, అచ్చం మనలాగే.

ఇంత శ్రమ అవసరమా అన్న వాదన అక్కడా ఉంది. నర్స్ ప్రాక్టీషనర్లందరికీ 2015కల్లా ఈ డాక్టరేటే ప్రవేశ అర్హత కావాలని అక్కడి నర్సింగ్ కళాశాలల సంఘం 2004లో కోరింది, కానీ అది జరగలేదు. మత్తు ఇచ్చే నర్సులకు మాత్రం 2022 నుంచి కొత్తగా చేరేవారు డాక్టరేట్ కోర్సులోనే చేరాలి. చదువు పూర్తయినా టెక్సాస్‌లో మందులు రాయాలంటే ఒక డాక్టరుతో ఒప్పందం ఉండాల్సిందే. పక్కనున్న న్యూమెక్సికోలో ఆ షరతు లేదు. అయితే రాష్ట్రం మారితే ఈ ఉద్యోగానికి అక్కడి లైసెన్సు మళ్లీ తీసుకోవాలి. బడి మారినప్పుడల్లా టీసీ పట్టుకుని తిరిగే మనకు ఇది వేరే చెప్పాలా?

మన దేశంలో నర్సులకు పీహెచ్‌డీ ఉంది. ఐసీయూ నర్సుల కోసం భారత నర్సింగ్ కౌన్సిల్ రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు కూడా తెచ్చింది. కానీ ఇక్కడ ఎమ్మెస్సీ నర్సింగ్ దూరవిద్యలో కుదరదు, కళాశాలకు వెళ్లాల్సిందే. మా ఇద్దరు అమ్మల్లో ఒకరు ఎమ్మెస్సీలో సీటు వచ్చాక బదిలీ వల్ల వదిలేశారని మాకు ఆ రోజే తెలిసింది. పెద్దమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ ఏమీ అనలేదు. గిన్నెలు సర్దాక మాత్రం, "నలభై దాటాక చేరినవాళ్లు మీ క్లాసులో ఎందరున్నారు అక్కా?" అని అడిగారు.

"సగం మంది ఉంటాం" అన్నారు పెద్దమ్మ.