దెబ్బ తగలని తోలు

ధ్వని పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థి లేచి అడిగాడు: “సార్, వీణను శ్రుతి చేస్తారు, మృదంగాన్ని శ్రుతి చేస్తారు. మరి సినిమా పాటల్లో మోగే డ్రమ్ కిట్‌కి శ్రుతి ఉండదా?” ఉంటుంది. 18 అంగుళాల బేస్ డ్రమ్, 14 అంగుళాల స్నేర్, 12 అంగుళాల టామ్, 14 అంగుళాల ఫ్లోర్ టామ్. ఈ నాలుగే ఉన్న చిన్న కిట్‌ను బాగా శ్రుతి చేసినవాళ్ల దగ్గర కూర్చుని వినండి. టామ్ మీద పడిన దెబ్బ ‘దబ్’మని చచ్చిపోదు, ‘దూమ్’మని స్వరమై సాగుతుంది. ఆ స్వరం గుట్టు తెలియాలంటే డ్రమ్మును తిరగేసి చూడాలి. కర్ర ఎన్నడూ తగలని రెండో తోలు అక్కడ ఉంటుంది. నాకు డ్రమ్ కిట్ మొత్తంలో అంతకన్నా ఇష్టమైన భాగం లేదు.

తీగను మీటితే దాని కంపనాలు 1, 2, 3, 4 అన్న పద్ధతిలో వరుసగా ఉంటాయి. చెవికి అవన్నీ కలిసి ఒకే స్వరంగా వినిపిస్తాయి. గుండ్రంగా బిగించిన తోలు అలా కాదు. మూలస్వరాన్ని 1 అనుకుంటే తర్వాతి అతిస్వరాలు 1.59, 2.14, 2.30 దగ్గర పడతాయి. ఏ ఒక్కదానికీ ఇంకోదానితో పొత్తు కుదరదు. అందుకే ఉత్త తోలు మోతలో స్వరం కన్నా చప్పుడే ఎక్కువ.

ఈ చిక్కును మన మృదంగం చేసినవాళ్లు ఎప్పుడో విప్పేశారు. కుడి మూత మధ్యలో కనిపించే నల్లని గుండ్రం అందుకే. ఇనుము కలిసిన రాతిపొడిని అన్నంతో మెదిపి, పొర మీద పొరగా రుద్ది దాన్ని పెడతారు. ఆ బరువు వల్ల తోలు కదలికలు సర్దుకుని తీగలో లాగే పూర్ణాంకాల వరుసలోకి వస్తాయి. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో ఈ సంగతి రాశారు. 1934లో మళ్లీ దీని మీదే వివరంగా రాసి, మొదటి ఐదు స్వరాలు ఆ వరుసలో ఎలా కుదురుతున్నాయో చూపించారు. కాంతి పరిక్షేపణానికి నోబెల్ అందుకున్న రామన్‌ను తలుచుకునేటప్పుడు ఈ మృదంగం పనిని కూడా తలుచుకోవాలని నా కోరిక.

డ్రమ్ కిట్ తోలుకు ఆ ముద్ద లేదు. అది వేరే దారి పట్టింది.

టామ్‌కు పైన ఒక తోలు, కింద ఒక తోలు, నడుమ డ్రమ్ము గోడ (షెల్) లోపల బందీ అయిన గాలి. పై తోలు దిగితే గాలి కింది తోలును తోస్తుంది. ఒకే దూలానికి కట్టిన రెండు ఊయలల్లో ఒకటి ఊగితే రెండోది కూడా అందుకున్నట్టు, శక్తి రెండు తోళ్ల మధ్య అటూ ఇటూ మారుతుంది. ఇలా జతపడినవి రెండు రకాలుగా కదలగలవు. రెండు తోళ్లూ ఒకే దిక్కుకు కదిలితే లోపలి గాలి నలగదు, బరువుగా వాటితో పాటే అటూ ఇటూ సాగుతుంది. అది మంద్రంగా పలుకుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి కదిలితే గాలి నలుగుతుంది, స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. ఆ స్వరం హెచ్చు. ఒక్క తోలుకు ఒక్కటే మూలస్వరం. రెండో తోలు చేరగానే అది రెండుగా చీలుతుంది.

అసలు తెలివి ఇక్కడుంది. 1.59 దగ్గరి అతిస్వరంలో తోలు సగం పైకి లేస్తే మిగతా సగం దిగుతుంది. అప్పుడు లోపలి గాలి ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుగుతుందే తప్ప మొత్తంగా నలగదు. అంటే గాలి ప్రభావం మూలస్వరం మీద ఒక రకంగా, ఈ అతిస్వరం మీద ఇంకో రకంగా ఉంటుంది. కాబట్టి కింది తోలు బిగువు మార్చినకొద్దీ ఆ రెండింటి మధ్య దూరం కూడా మారుతుంది. తోలును బిగించే స్క్రూలను ఓపికగా తిప్పేవాళ్లు దాన్ని 1.5 చేరువకు, అంటే షడ్జమ పంచమాల దూరానికి తెచ్చుకోగలరు. మృదంగం బరువుతో సాధించిన దానిలో కొంత భాగాన్ని ఇక్కడ ఒక స్క్రూ సాధిస్తుంది.

ఇన్ని డ్రమ్ములు ఒక్క మనిషి చేతికి రావడానికి కారణం పెడల్. కవాతు బ్యాండులో బేస్ డ్రమ్‌కు ఒకరు, స్నేర్‌కు ఒకరు ఉండేవారు. పాత చెక్క పెడళ్లు వేగానికి ఆగేవి కావు. 1909లో షికాగోలో విలియం లుడ్విగ్ సోదరులు వేగంగా కదిలే లోహపు పెడల్‌ను అమ్మకానికి తెచ్చాక బేస్ డ్రమ్ పని కాలికి దక్కింది. అయినా ఆనాటి టామ్‌ల తోళ్లకు మేకులే ఆధారం, శ్రుతి మార్చే వీలు లేదు. 1930ల మధ్యలో జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపా పట్టుబట్టి స్లింగర్‌లాండ్ కంపెనీ చేత రెండు పక్కలా స్క్రూలున్న టామ్‌లు చేయించాడు. చరిత్రలో పెడల్‌కు దక్కిన పేరు దీనికి దక్కలేదు, కానీ నా లెక్కలో ఇదే పెద్ద మలుపు.

ఇక మొదట చెప్పిన కిట్ చిన్నదనం సంగతి. ఒకే బిగువులో ఉన్న ఒకే రకం తోలు 22 అంగుళాల నుంచి 18కి తగ్గితే స్వరం దాదాపు 1.22 రెట్లు పెరుగుతుంది. పెద్ద డ్రమ్ము స్వరమే కావాలని వదులు చేస్తే బిగువు మూడింట రెండు వంతులకు దిగిపోతుంది. అప్పుడు తోలు పలకదు, జారుతుంది. చిన్న డ్రమ్మును పెద్దదానిలా గర్జించమనడం తప్పు. 1963లో, 17 ఏళ్ల వయసులో మైల్స్ డేవిస్ జాజ్ బృందంలో చేరిన డ్రమ్మర్ టోనీ విలియమ్స్ 18 అంగుళాల గ్రెచ్ బేస్ డ్రమ్‌ను హెచ్చు శ్రుతిలో, దాని సొంత స్వరంలో మోగనిచ్చాడు. ఆ రికార్డింగుల్లో బేస్ డ్రమ్ బాంబులా పేలదు, మాట్లాడుతుంది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. జంతువుల తోలుకు తేమ పడదు. మన డప్పు వాయించేవాళ్లు డప్పును మంట దగ్గర కాచేది అందుకే. 1950ల రెండో సగంలో చిక్ ఎవాన్స్, రెమో బెల్లీ మైలార్ ప్లాస్టిక్ పొర తెచ్చి ఆ బెడద తీర్చారు. ఆపైన రాక్ సంగీతం వచ్చింది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ తోళ్ల మీద తువ్వాళ్లు కప్పాడు. 1970లలో చాలామంది కింది తోలే పీకేశారు. మైకులకు అది అనువే. స్వరానికి మాత్రం నష్టమే.

మీ చర్చిలోనో కాలేజీలోనో చిన్న కిట్ ఉంటే ఒక సాయంత్రం దాని దగ్గర కూర్చోండి. బేస్ డ్రమ్ లోపల మోత తగ్గించే దిండు ఉంటే తీసేయండి. టామ్ పై తోలును ప్రతి స్క్రూ దగ్గరా వేలితో తట్టి, అన్ని చోట్లా ఒకే స్వరం వచ్చేదాకా ఎదురెదురు స్క్రూలను సరిచేయండి. కింది తోలును కూడా అదే స్వరానికి తెండి, మోత ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ తర్వాత కింది స్క్రూలను మాత్రమే ఒక్కొక్కటి పావు చుట్టు బిగించి, మళ్లీ పై తోలును కొట్టి వినండి.